బోరు లెక్క గోడ మీదికి రావాలి

ఫోనుకు అతుక్కుపోయే యాప్ కాదు, ఊరిని రచ్చబండకు చేర్చే యాప్ కావాలి

(మా గ్రామీణ విలేఖరి)

దసరా పోయి దీపావళి దగ్గర పడుతున్నదంటే అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల పల్లెల్లో రాత్రిపూట రిగ్గు లారీల మోత మొదలవుతుంది. ఒక పొలంలో రాయి పగిలే చప్పుడు ఆగితే మరో పొలంలో లేస్తుంది. తెల్లారేసరికి బూడిద రంగు రాతిపొడి చెట్ల ఆకుల మీద, చేని గట్ల మీద పరుచుకొని ఉంటుంది. ఆ పొడి తడిసి బురదగా పైకి వస్తే రైతు ముఖం వికసిస్తుంది. పొడిగానే ఎగిరితే అప్పు మిగులుతుంది.

"ఎన్నించులు పడినాయి మామా?" అని దారిన పోయేవారు అడుగుతారు. "రెండించులు" అని జవాబు వస్తుంది. ఆ రెండించులను నమ్ముకొని ఒకరు వరి నాటుతారు. ఒకరు టమోటా పెడతారు. మరొకరు చీనీ చెట్లకు పారిస్తారు. ఎవరి లెక్క వారిది. సంక్రాంతి దాటి శివరాత్రి వచ్చేసరికి రెండించులు కాస్తా ఒక ఇంచు అవుతుంది. ఆ తరువాత మోటారు గాలి కక్కుతుంది. అప్పుడు మళ్లీ పాయింటు చూపించాలి, మళ్లీ రిగ్గు లారీని పిలవాలి. ఒకప్పుడు యాభై, అరవై అడుగుల బావిలో కపిల తోలిన చేలల్లోనే ఇప్పుడు ఐదారు వందల అడుగులు దింపినా చెమ్మ తగలని చోట్లున్నాయి.

ఇవే పల్లెల్లో ఇప్పుడు ఇంటింటా ఫోనున్నది. మదనపల్లె మార్కెట్టులో టమోటా ధర ఎంత పలికిందో పొద్దున్నే తెలిసిపోతున్నది. ఎక్కడో అమెరికాలో ఉన్న కొడుకుతో తల్లి ముఖం చూస్తూ మాట్లాడుతున్నది. గట్టు అవతలి చేని బోరులో నీరు ఎన్నడుగుల లోతున ఉన్నదో మాత్రం ఎవరికీ తెలియదు. తెలుసుకునే ప్రయత్నమూ లేదు. ఒకే అరుగు మీద నలుగురు కూర్చున్నా నలుగురి చూపూ నాలుగు ఫోన్ల మీదే ఉంటున్నది.

పర్యావరణం కోసం, ఊరి బాగు కోసం, మనుషులను మళ్లీ ఒకచోట చేర్చడం కోసం యాప్‌లు తయారు చేయాలని ఇంజనీరింగు చదువుతున్న కుర్రవాళ్లు చాలామంది ఉబలాటపడుతున్నారు. సంతోషించవలసిన విషయమే. మొక్క నాటితే మార్కులు, సైకిలు తొక్కితే బిళ్లలు, నీరు ఆదా చేస్తే చప్పట్లు. వారి ఆలోచనలు ఎక్కువగా ఈ దారిలోనే సాగుతున్నాయి. మార్కుల కోసం నాటిన మొక్కకు మరునాడు నీళ్లెవరు పోస్తారన్న ప్రశ్న ఫోనులోకి రాదు. కంప్యూటరు ముందు కూర్చోకముందే ఆ కుర్రవాళ్లు తెలుసుకోవలసిన కథ ఒకటి మన సీమలోనే జరిగింది. అందులో స్మార్ట్ ఫోను ఊసే లేదు. ఒక డ్రమ్ము, ఒక గడియారం, ఒక టేపు, ఒక గోడ ఉన్నాయి.

డ్రమ్ము, గడియారం, గోడ

2003వ సంవత్సరంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో ఒక పథకం మొదలైంది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ ఆ ఏడు జిల్లాలు. దాని పేరు పొడుగైనది: ఆంధ్రప్రదేశ్ రైతుల యాజమాన్య భూగర్భజల వ్యవస్థల పథకం. ఇంగ్లీషు పొడి అక్షరాలతో దాన్ని 'ఎ.పి.ఫామ్స్' అని పిలిచేవారు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ అండగా నిలిచింది. స్థానిక స్వచ్ఛంద సంస్థలు పల్లెల్లో పని చేశాయి. 638 గ్రామాల్లో అది నడిచింది.

ఆ పథకంలో ఎవరికీ బోరు ఇవ్వలేదు. మోటారు ఇవ్వలేదు. సబ్సిడీ ఇవ్వలేదు. "ఇదేం పథకమయ్యా!" అని ఎవరైనా అనుకొని ఉంటే ఆశ్చర్యం లేదు. ఇచ్చిందల్లా కొలవడం నేర్పే చదువు ఒక్కటే.

ఊరిలో వానమాపకం పెట్టారు. వాన కురిసిన రోజున ఎన్ని మిల్లీమీటర్లో రైతులే చూసి రాశారు. కొన్ని బోర్లను పరిశీలన బోర్లుగా ఎంచుకున్నారు. ఏడు జిల్లాల్లో అలాంటివి రెండు వేలకు పైగా ఉండేవి. పదిహేను రోజులకొకసారి ఆ బోర్లలోకి టేపు దించేవారు. దాని కొస నీటిని తాకగానే 'బీప్'మని మోగుతుంది. అంతే, లోతు తెలిసిపోతుంది. బోరు ఎన్ని నీళ్లు పోస్తున్నదో తెలుసుకోవడానికి గడియారం పట్టుకొని డ్రమ్ము నింపేవారు. ఈ పనుల్లో మహిళలు కూడా ముందుకు వచ్చారు. పొలంలోనే బడి పెట్టి నీటి పాఠాలు చెప్పుకున్నారు.

ఇక్కడే అసలు సంగతి ఉన్నది. ఆ అంకెలను పుస్తకంలో రాసి బీరువాలో పెట్టలేదు. ఊరందరూ నడిచే చోట బోర్డు మీద రాశారు. పాలు పోయడానికి వెళ్లేవాడు, బస్సు కోసం నిలబడ్డవాడు, బడికి పోయే పిల్లవాడు దాన్ని చదివాడు. పోయిన పక్షం కంటే నీరు నాలుగడుగులు దిగిందని గోడ చెబుతుంటే "నా బోరుకేం ఢోకా లేదు" అని ధీమాగా చెప్పుకోవడం కొంచెం కష్టమే.

ఊరి సంచిలో ఎంతున్నది?

రబీ పంటలు వేయబోయే ముందు రైతులు ఒకచోట కూర్చొని ఊరి నీటికి బడ్జెట్టు వేసేవారు. ఈ లెక్క ఎంత సులువో, ఎంత భయపెట్టేదో పాఠకులు కూడా ఒకసారి వేసి చూడవచ్చు.

ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే సుమారు నాలుగు వేల లీటర్ల నీరు పడినట్లు. ఒక ఊరి విస్తీర్ణం వెయ్యి హెక్టార్లు, అంటే 2,470 ఎకరాలు అనుకుందాం. ఏడాదిలో 500 మిల్లీమీటర్లు కురిసింది. ఆ ఊరి మీద పడిన నీరు 500 కోట్ల లీటర్లు! వినడానికి సముద్రమంత ఉన్నది. అయితే అందులో ఎక్కువ భాగం ఎండకు ఆవిరై పోతుంది. మొక్కలు తాగుతాయి. కొంత వంకలో పడి ఊరు దాటుతుంది. మన రాతినేలల్లో భూమి లోపలికి ఇంకేది నూటికి పది పాళ్లకు అటూ ఇటూ మాత్రమే. పది పాళ్లే అనుకుంటే 50 కోట్ల లీటర్లు.

ఆ ఊరిలో రెండు వేల మంది జనం ఉన్నారనుకుంటే, మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున తాగడానికి, వాడుకోవడానికి ఏడాదికి నాలుగు కోట్ల లీటర్లు పక్కన పెట్టాలి. గొడ్డూ గోదా సంగతి వదిలేసినా, మిగిలింది 46 కోట్లు.

వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల తడి కావాలి. అంటే ఎకరానికి 48 లక్షల లీటర్ల పైచిలుకు. ఆ 46 కోట్లతో పండేది 95 ఎకరాల వరి! 2,470 ఎకరాల ఊరిలో 95 ఎకరాలు. అదే నీటితో వేరుశనగ వేస్తే, దానికి 500 మిల్లీమీటర్లు చాలనుకుంటే, 227 ఎకరాల దాకా వస్తుంది. కొర్ర వంటి చిరుధాన్యాలైతే ఇంకా ఎక్కువ నేల తడుస్తుంది. వరి మడిలో పెట్టిన నీరు కొంత మళ్లీ భూమిలోకే ఇంకుతుంది కాబట్టి లెక్క కాస్త సర్దుకోవచ్చు. అయినా ఊరిలో రెండు వందల ఎకరాల వరికి నారు పోసి ఉంటే ఎవరి పొలమో కొందరిది ఎండక తప్పదు. ఎవరిది ఎండాలన్నది ఆ రోజు తేలదు. మాఘంలోనో ఫాల్గుణంలోనో తేలుతుంది.

ఒక్క బోరు లెక్కా ఇలాంటిదే. రెండు వందల లీటర్ల డ్రమ్ము వంద సెకన్లలో నిండితే ఆ బోరు సెకనుకు రెండు లీటర్లు పోస్తున్నట్లు. రోజుకు ఏడు గంటలు ఆడితే 50,400 లీటర్లు. వంద రోజులకు 50 లక్షలు. ఒక ఎకరం వరి, లేదా రెండున్నర ఎకరాల వేరుశనగ. అంతకు మించి నాటినవాడు పక్కవాడి బోరు మీద ఆశ పెట్టుకొని నాటినట్లే.

పక్కవాడి బోరు అని ఎందుకంటున్నామంటే, మన నేల కింద అందరూ అనుకునే పాతాళగంగ ఏదీ లేదు. పైన కొంత మెత్తబడిన రాయి, దాని కింద గట్టి రాయిలో సందులు, పగుళ్లు ఉన్నాయి. నీరంతా వాటిలోనే. ఒక పగులు నాలుగు చేలకు ఉమ్మడి సంచి. ఒకరు గట్టిగా లాగితే మరొకరికి గుక్కెడు అందదు. పట్టాదారు పాసు పుస్తకంలో నేలకు హద్దులున్నాయి, నీటికి లేవు.

హుకుం లేదు, జరిమానా లేదు

ఆ సభల్లో ఎవరినీ వరి వేయవద్దని శాసించలేదు. సంతకాలు తీసుకోలేదు. ఎవరు ఏ పంట, ఎన్నెకరాలు వేయదలచుకున్నారో చెప్పించి, దానికి కావలసిన నీరు ఎంత, ఊరి సంచిలో ఉన్నదెంత అని చూపించారు. లోటు కనిపించిన తరువాత నిర్ణయం రైతుకే వదిలేశారు. ఇంటికి వెళ్లి భార్యాభర్తలు ఆలోచించుకొని కొందరు వరి తగ్గించారు, కొందరు డ్రిప్పుకు మళ్లారు, కొందరు ఏమీ మార్చుకోలేదు.

2010లో ప్రపంచ బ్యాంకు మన దేశ భూగర్భ జలాల మీద ఒక పెద్ద నివేదిక తెచ్చింది. ఈ పథకం నడిచిన వాగు పరీవాహక ప్రాంతాల్లో నూటికి 42 చోట్ల రబీ నీటి వాడకం వరుసగా మూడేళ్లు తగ్గిందని, 51 చోట్ల కొన్నేళ్లు తగ్గిందని, ఏడు చోట్ల పెరిగిందని అందులో రాశారు. ఇందులో మంచి వానల పాలెంత, లెక్కల పాలెంత అని వాదించే వారూ ఉన్నారు. వాదించనివ్వండి. మెడ మీద కత్తి పెట్టకుండానే రైతు చేయి వెనక్కు తీసుకున్నాడన్నది మాత్రం చిన్న విషయం కాదు.

తరువాత 2013 ప్రాంతంలో రాయలసీమ పల్లెల్లోనే మరో చిత్రమైన ప్రయత్నం జరిగింది. ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే సంస్థ, అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధనా సంస్థతో కలిసి రైతుల చేత ఒక ఆట ఆడించింది. ఐదుగురు ఆటగాళ్లు. అందరికీ కలిపి ఒకే నీటి నిల్వ. తక్కువ నీరు తాగే పంట వేస్తారో, ఎక్కువ నీరు తాగి ఎక్కువ డబ్బిచ్చే పంట వేస్తారో ఎవరికి వారు ఎంచుకోవాలి. మొదట ఒకరితో ఒకరు మాట్లాడకుండా ఆడాలి. తరువాతి ఆటల్లో మాట్లాడుకోవచ్చు. ఆట అయ్యాక ఊరందరినీ కూర్చోబెట్టి ఏం జరిగిందో చర్చించారు.

ఏడాది తిరిగాక వెళ్లి చూస్తే, ఆట ఆడిన ఊళ్లలో నీటి రిజిస్టరు పెట్టుకోవడం, వాడకానికి కట్టుబాట్లు చేసుకోవడం ఆడని ఊళ్ల కంటే ఎక్కువగా కనిపించింది. కాలక్షేపంగా ఆడుకునే అష్టాచెమ్మా లాంటి ఆటే! కానీ ఐదుగురు ఎదురెదురుగా కూర్చొని ఆడారు. యాప్ తయారు చేసేవారు గుర్తుంచుకోవలసింది ఈ ఎదురెదురుగా కూర్చోవడాన్నే.

గోడ మీద రంగు వెలిసింది

ఇంత మంచి పని ఎందుకు నిలబడలేదని ఎవరైనా అడగవచ్చు. పథకం డబ్బు ఆగిపోయాక చాలా ఊళ్లలో కొలతలు కూడా ఆగిపోయాయి. టేపు చెడిపోతే బాగుచేయించే దిక్కు లేకపోయింది. వాన లెక్క, బోరు లెక్క, పంట లెక్క కలిపి కూడి తీసివేసి బోర్డు మీదికి ఎక్కించడానికి సంస్థ కార్యకర్త చేయూత ఉండేది. ఆయన రాకపోయేసరికి లెక్క తెగలేదు. లెక్క తెగకపోతే సభకు రావడానికి కారణమే లేకపోయింది.

ఫోను పనికి వచ్చేది సరిగ్గా ఇక్కడే. వానను వానమాపకమే కొలవాలి. నీటి లోతు టేపుతోనే తెలియాలి. మనుషులు మనుషులతోనే మాట్లాడాలి. ఈ మూడింటి మధ్యన ఉన్న కూడికలు, గుణకారాలు, పోయిన ఏడాది అంకెలను భద్రంగా దాచడం, పక్షానికొకసారి "ఈ రోజు కొలవాలి" అని గుర్తు చేయడం ఫోను చేయగలదు. జీతం అడగదు, బదిలీ కాదు.

అలాంటి యాప్ ఎట్లా ఉండాలని పల్లెటూరి చూపుతో ఆలోచిస్తే కొన్ని సంగతులు తోస్తున్నవి.

ముందుగా అది మన కొలతల్లో మాట్లాడాలి. రైతుకు లోతు అడుగుల్లో తెలుసు, నీరు ఇంచుల్లో తెలుసు, పొలం ఎకరాలు సెంట్లలో తెలుసు. క్యూబిక్ మీటర్లు, హెక్టార్లు అంటే ఫోను పక్కన పడేస్తాడు. మృగశిర, ఆరుద్ర, ఉత్తర, హస్త, చిత్త, స్వాతి అని కార్తెల వారీగా వాన చూపించాలి. దుక్కి పదును అయిందా లేదా అన్నది రైతు మాట. పన్నెండు మిల్లీమీటర్లన్నది అధికారి మాట. రెండూ పక్కపక్కన ఉంటే నష్టం లేదు. చదవడం రానివారి కోసం అది గొంతుతో చెప్పాలి. ఆ గొంతు వార్తలు చదివినట్లు కాకుండా మన యాసలో ఉంటే వినే చెవులు పెరుగుతాయి.

సిగ్నలు లేకపోయినా పని చేయాలి. గుట్టల నడుమ ఉన్న పల్లెల్లో ఫోను పట్టుకొని మిద్దె ఎక్కితే తప్ప మాట వినపడని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. లెక్కంతా ఫోనులోనే జరిగి, నెట్టు దొరికినప్పుడు మాత్రమే పైకి పంపేటట్లు ఉండాలి. ఊరందరి ఫోన్లలో ఉండనక్కరలేదు. పది, పదిహేను బోర్లకు ఒక ఫోను చాలు. బటన్ల ఫోను ఉన్నవాడు వెలి కాకూడదు.

అన్నిటికంటే ముఖ్యం, లెక్క తేలిన తరువాత చివరి అంకె ఫోనులోనే ఉండిపోకూడదు. ఫలానా రోజు సాయంత్రం ఫలానా చోట సభ అని చెప్పి, గోడ మీద రాయవలసిన నాలుగు వరుసలు మాత్రం చూపించి ఊరుకోవాలి. గోడ మీద రాసిన దాన్ని ఫొటో తీసి పెడితేనే తరువాతి పక్షం పేజీ తెరుచుకునేటట్లు చేస్తే ఇంకా మంచిది. మామూలుగా యాప్ తయారు చేసేవారు తమ సరుకు మీద జనం ఎన్ని గంటలు గడిపారని లెక్క చూసుకొని మురిసిపోతారట. ఈ యాప్‌కు ఆ లెక్క తిరగబడాలి. పక్షానికి పావుగంట మించి వాడవలసి వస్తే అది చెడ్డ యాప్ కిందే లెక్క. సభకు ఎంతమంది వచ్చారు, అందులో ఆడవారెందరు, అన్నదే మార్కు.

ఆడవారి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. చాలా ఇళ్లలో మంచి ఫోను మగవాడి జేబులో ఉంటుంది. ఉదయాన్నే బిందె పట్టుకొని కుళాయి దగ్గర నిలబడేది ఆమె. నీరు తగ్గిందన్న కబురు ఊరిలో అందరికంటే ముందు ఆమెకే తెలుస్తుంది. పొదుపు సంఘం సమావేశాలు ఎటూ క్రమం తప్పకుండా జరుగుతుంటాయి. పుస్తకం రాసే అమ్మాయి ఉంటుంది. ఆ పుస్తకం పక్కనే నీటి పుస్తకం కూడా చేరితే కొత్తగా సంఘం పెట్టే శ్రమ ఉండదు.

సభ ఎక్కడ అన్నది కూడా చిన్న విషయం కాదు. రచ్చబండ అని మనం ముచ్చటగా రాసుకుంటాం. ఆ బండ మీద అందరూ సమానంగా కూర్చునే రోజులు ఎప్పుడూ లేవు. కొన్ని ఊళ్లలో ఇప్పటికీ లేవు. బోరున్న రైతులే చేరి నీరు పంచుకుంటే, బోరు లేనివారికి దక్కేది మాటలే. కాలనీ వారికి బోరు లేకపోవచ్చు కాని దాహం ఉన్నది. తాగునీటి నాలుగు కోట్ల లీటర్లు ముందు పక్కన పెట్టిన తరువాతే పంటల లెక్క తెరుచుకునేటట్లు యాప్‌ను బిగించడం కుర్రవాళ్లకు చిటికెలో పని. నోటితో అడిగి సాధించుకోవాలంటే కొందరికి ఏళ్లు పడుతుంది. బడి ఆవరణ లాంటి చోట సభ పెట్టుకుంటే ఎవరికీ మెట్టు ఎక్కే సంకోచం ఉండదు.

లెక్క చెబితే మీటరు పెడతారా?

పల్లెల్లో ఎవరైనా కాగితం, కలం పట్టుకొని బోర్ల వివరాలు అడిగితే రైతు ముందు అనుమానిస్తాడు. అందులో తప్పేమీ లేదు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం బావులు, బోర్లు నమోదు చేయించాలి, కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి. ఎందరు తీసుకుంటున్నారో అందరికీ తెలిసిందే. 2004లో ఉచిత కరెంటు వచ్చిన నాటి నుంచి నీటికి ఖర్చు లేదన్న భావన స్థిరపడింది. 2020లో శ్రీకాకుళం జిల్లాలో వ్యవసాయ మోటార్లకు మీటర్లు బిగించే ప్రయోగం మొదలైనప్పుడు, ఈ మీటర్లు రేపు బిల్లులకే కదా అని రాష్ట్రమంతటా రైతు సంఘాలు గగ్గోలు పెట్టాయి. "ఈ యాప్‌లో నా బోరు రాస్తే రేపు నా మోటారుకు మీటరు వస్తుందా?" అన్నదే రైతు అడిగే మొదటి ప్రశ్న అవుతుంది. దానికి సూటిగా జవాబు చెప్పలేని యాప్ ఊరి పొలిమేర దాటదు.

ఇప్పుడున్న ప్రభుత్వ యాప్‌ల తీరు చూస్తే ఈ భయం ఎందుకో అర్థమవుతుంది. పంట నమోదుకు యాప్ ఉన్నది. పొలం దగ్గర ఫొటో తీసుకుంటారు, వివరాలు ఎక్కిస్తారు. అవి పైకి పోతాయి. పరిహారానికి, కొనుగోలుకు అవసరమే, కాదనలేము. అయితే ఊరిలో మొత్తం మీద ఈ రబీకి ఎన్నెకరాల వరి పడబోతున్నదో ఆ ఊరి రైతుకు విత్తనం వేయకముందు చెప్పే ఏర్పాటు లేదు. భూగర్భ జల శాఖ వారు నీటిమట్టాలు కొలుస్తూనే ఉంటారు. ఆ అంకెలూ ఊరి గోడ మీదికి రావు. సమాచారం వంకనీరు లాగా ఒకే దిక్కుకు పారుతున్నది. చెరువు కట్టి నిలిపేవారు లేరు.

కాబట్టి ఒక్కొక్క బోరు అంకె ఆ పది, పదిహేను మంది గుంపు దగ్గరే ఉండాలి. గోడ మీదికి ఎక్కేది ఊరి మొత్తం అంకె మాత్రమే. పైవారికి పంపాలా వద్దా అన్నది సభ చేతులెత్తి తేల్చాలి. ఈ మాట యాప్ తెరవగానే మొదటి పేజీలో, పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఒకరి బోరు, నలుగురి పైపు

లెక్క వేసి లోటు చూపించాక మరి ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది. దానికీ మన దగ్గరే జవాబున్నది. వాసన్ అనే సంస్థ ఉమ్మడి మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లోని కొన్ని పల్లెల్లో బోరున్నవారిని, లేనివారిని ఒక గుంపుగా చేసి, బోర్లన్నిటినీ పైపులతో కలిపించింది. కొత్త బోరు వేయబోమని వారు ఒప్పుకున్నారు. ముందు వానాకాలపు పంటకు అందరికీ ఒకటి రెండు రక్షక తడులు దక్కాలన్నది కట్టుబాటు. ఆ తరువాతే రబీ. ఒకరి బోరు పోతే మరొకరి బోరు ఆదుకుంటుంది. పైపులు కలపడం కంటే మనసులు కలపడానికే ఎక్కువ కాలం పడుతుందని ఎవరైనా ఊహించగలరు. అన్నదమ్ములే గట్టు కోసం కోర్టుకెక్కే కాలంలో ఇది సామాన్యం కాదు.

వంతుల వారీగా నీరు పంచుకోవడం సీమకు కొత్త కూడా కాదు. చెరువు కింద నీరుగంటి ఉండేవాడు. ఏ మడికి ఏ పూట తూము నీరు వదలాలో అతని చేతిలో ఉండేది. కరువు వస్తే ఆయకట్టు కుదించి, అందరికీ తలా కొంత పారించేవారు. బోర్లు వచ్చాక ప్రతివాడూ తన మోటారుకు తానే నీరుగంటి అయ్యాడు. గేటు వాల్వు వంతుల పట్టిక రాయడం, ఎవరి వంతు ఏ పూటో గుర్తు చేయడం యాప్ చేస్తే గుంపు పెద్దకు సగం తగాదాలు తగ్గుతాయి.

యంత్రం మధ్యలో ఉంటూ మనుషులు చుట్టూ చేరే పద్ధతి సాధ్యమేనా అని సందేహించేవారికి మరో ఉదాహరణ ఉన్నది. 2006లో బెంగుళూరులో మొదలైన డిజిటల్ గ్రీన్ అనే సంస్థ రైతుల చేతనే చిన్న చిన్న వీడియోలు తీయించింది. వాటిని ఎవరి ఫోనులో వారు చూసుకోమని వదిలేయలేదు. చేతిలో పట్టే చిన్న ప్రొజెక్టరుతో గోడ మీద వేసి, సంఘం మహిళలను కూర్చోబెట్టి, మధ్యమధ్యలో ఆపి "ఇది మన పొలంలో కుదురుతుందా అక్కా?" అని అడిగి చర్చ పెట్టించింది. తమలాంటి రైతే తెర మీద కనిపిస్తే నమ్మకం కుదురుతుంది. పక్కన పదిమంది ఉంటే ప్రశ్న పుడుతుంది. మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం చేసే మహిళా సంఘాల్లోకీ ఈ వీడియోలు వచ్చాయి.

ఖర్చెవరు పెడతారు?

కేంద్ర ప్రభుత్వం 2019 డిసెంబరు 25న అటల్ భూజల్ యోజన ప్రారంభించింది. గ్రామాల వారే నీటి బడ్జెట్టు వేసుకొని, నీటి భద్రతా ప్రణాళిక రాసుకోవాలన్నది దాని ఉద్దేశం. అచ్చం మన పల్లెల్లో 2003 నుంచే చేసి చూపించిన పని. అయితే ఆ పథకానికి ఎంపిక చేసిన ఏడు రాష్ట్రాలు గుజరాత్, హర్యానా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్. ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. దారి చూపించిన వారికి విస్తరి వేయలేదన్నట్లుంది. హిందూపురం పొలిమేర దాటితే ఆ పథకానికి ఎంపికైన రాష్ట్రం, ఇవతల కాదు. కింద ఉన్న రాయి మాత్రం రెండు వైపులా ఒక్కటే.

పెద్ద పథకం కోసం ఎదురు చూడకుండా పంచాయతీ స్థాయిలో మొదలుపెట్టడానికి కావలసినవి తక్కువే. ఒక వానమాపకం. బీప్ మోగే టేపు ఒకటి, నాలుగైదు ఊళ్లకు కలిపి ఉన్నా సరిపోతుంది. పరిశీలన బోర్ల కేసింగు మూతకు టేపు దిగేటంత రంధ్రం. సున్నం కొట్టిన గోడ, నల్ల రంగు డబ్బా, కుంచె. డ్రమ్ము ఏ ఇంట్లోనైనా ఉంటుంది. జిల్లాలోని ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు చివరి ఏడాది ప్రాజెక్టు అని ఏదో ఒకటి చేయవలసిందే కదా, దీన్ని ఎత్తుకోవచ్చు. కాకపోతే రెండు పక్షాలు ఊరిలో ఉండి, తామే టేపు దించి, తామే గోడ మీద రాసి, సభలో తిట్లు కూడా తిని, ఆ తరువాత కంప్యూటరు ముందు కూర్చోవాలి.

స్వాతి కార్తె అక్టోబరు నెలాఖరులో వస్తుంది. ఆలోగా కనీసం రెండు పక్షాల నీటిమట్టం గోడ మీద ఉంటే తప్ప రబీ సభలో లెక్క వేయడానికి అంకెలుండవు. వినాయక చవితికి చందా వసూలు చేసే కుర్రవాళ్లే పందిరి తీసేసిన మరునాడు వానమాపకం పాతితే సరిగ్గా సరిపోతుంది. యాప్ ఆ ఏడాదికి అందకపోయినా, మొదటి సభకు ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు చాలు.